బంధుత్వ ప్రశ్నలు: వరుసల లెక్క

కొందరు వ్యక్తుల నడుమనున్న చుట్టరికములలో కొన్నింటిని చెప్పి, చెప్పక విడిచిన చుట్టరిక మొకదానిని యుక్తిచే కనుగొనుమని అడుగు ప్రశ్నలకు బంధుత్వ ప్రశ్నలని పేరు. ఉద్యోగ నియామకములకును, ఉపకార వేతనములకును, వృత్తివిద్యా ప్రవేశములకును జరుపు పరీక్షలలో తర్కశక్తిని కొలుచుటకై ఏర్పరచిన భాగమున ఇవి తరచుగా కానవచ్చును. ఆంగ్ల పాఠ్యగ్రంథములు వీనిని బ్లడ్ రిలేషన్స్ అని వ్యవహరించుచున్నవి. ఆ పేరునుబట్టి ఇవి రక్తసంబంధములకే పరిమితములని తోచును గాని, అత్త, కోడలు, వదిన, మరిది, తోడల్లుడు, వియ్యంకుడు మొదలుగా వివాహమువలన ఏర్పడిన చుట్టరికములు లేనిదే ఈ ప్రశ్నలు సాగవు. పుట్టుకవలన కలిగిన బంధమును, పెండ్లివలన కలిగిన బంధమును ఒక్క పేరున ఇముడ్చుకొన్న మాట తెలుగున ఒకటి కలదు, అది ‘వరుస’. ఎవరు ఎవరికి ఏ స్థానమున నిలుతురో తెలుపు క్రమమే వరుస. దానికి ముందు ‘వావి’ని చేర్చి వావివరుసలనుట మనవారి వాడుక. పరీక్షలలోని ఈ ప్రశ్నలను వరుసల లెక్క యనుటయే వానికి తగిన తెలుగు పేరు.

ఈ లెక్కను ఇంటనే నేర్చినవారిని చూడదలచినచో నరసరావుపేటకు పోవలెను. అది 1915లో పురపాలక సంఘమై, 1950లో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాలను పొంది, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరు. మాచర్ల, గురజాల, వినుకొండ ప్రాంతముల పల్లెలనుండి చదువు నిమిత్తము ఇచ్చటికి వచ్చు యువతీయువకులు పుస్తకములకంటె ముందుగా ఒక విద్యను తమ వెంట తెచ్చుకొనుచున్నారు. మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళలో, విద్యుద్దీపముల ప్రభల నీడన, ఎన్నడును చూచుకొననివారైన ఇద్దరు ముసలమ్మలు ప్రక్కప్రక్కన కూర్చుండి, ‘మీరెవరి తాలూకమ్మా?’ అని మొదలుపెట్టి, ఊరిపేరు, ఇంటిపేరు, ఏ యింటి ఆడపడుచు ఏ యింటికి కోడలైనది అను ప్రశ్నలను దాటి, ‘అయితే నువ్వు నాకు వదిన వరసవుతావు’ అని తేల్చుకొనుటకు ఎంతోసేపు పట్టదు. అచ్చట జరిగినది శుద్ధమైన అనుమాన ప్రక్రియ. తెలిసిన మూడు సంబంధములనుండి తెలియని నాలుగవదానిని సాధించుట. అట్టి ముసలమ్మల మనుమలే పరీక్షా మందిరమున అదే పనికి తడబడుట చూచుచున్నాము. వారికి తర్కము లేదనుట తప్పు. ఇల్లు ఒక వరుసల వ్యాకరణముతోను, పరీక్ష మరియొక వరుసల వ్యాకరణముతోను మాటలాడుటయే ఆ తడబాటునకు మూలము. ఆ రెండింటికి పొత్తు ఎక్కడ కుదురునో, ఎక్కడ తెగునో ఎరిగినవానికి ఈ ప్రశ్నలు సులభసాధ్యములు.

పరీక్షలలో

ఎనిమిదవ తరగతి పిల్లలకై జరుపు జాతీయ ఉపకారవేతన పరీక్ష, అనగా ఎన్.ఎం.ఎం.ఎస్., 90 ప్రశ్నల మానసిక సామర్థ్య పత్రముతో పల్లెబడి పిల్లలకు తర్క ప్రశ్నలను పరిచయము చేయుచున్నది. ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లోని 200 ప్రశ్నలలో 75 విశ్లేషణ సామర్థ్యమునకు చెందగా, అందు తేదీలు, గడియారములు, ఆసనముల అమరికలతోపాటు బంధుత్వములను చేర్చిరి. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్ 2024 ఫిబ్రవరి 25న జరిపిన గ్రూప్-2 ప్రాథమిక పరీక్షయందు 150 మార్కులలో 30 మానసిక సామర్థ్యమునకు కేటాయింపబడినవి. రైల్వే, బ్యాంకు, పోలీసు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల సంగతి చెప్పనక్కరలేదు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షలో 2011 నుండి సీశాట్ అను పత్రము చేరుటతో, ఆ ఉన్నతోద్యోగముల గుమ్మమువద్ద కూడ తర్కప్రశ్నలు నిలిచినవి.

ప్రాచీనత

నియామక పరీక్షలతో పుట్టిన జాతి కాదు ఇది. పదునొకండవ శతాబ్దిన కాశ్మీరమున సోమదేవుడు సంతరించిన కథాసరిత్సాగరమున బేతాళ కథలు చేరియున్నవి. 1947 జులైలో వెలువడనారంభించిన చందమామ పుణ్యమా యని, చెట్టుపైనుండి శవమును దించి భుజమున వేసికొను రాజును ఎరుగని తెలుగు బాలుడుండడు. సోమదేవుని కథలలో చివరిదానియందు, రాజ్యము కోల్పోయి అడవిపట్టిన ఒక రాణియు ఆమె కూతురును నడచిపోయిన దారిలో, చండసింహుడను ప్రభువును అతని కుమారుడు సింహపరాక్రముడును రెండు జతల అడుగుజాడలను చూతురు. పెద్ద పాదములామెను తండ్రియు, చిన్న పాదములామెను కుమారుడును వివాహమాడునట్లు ఒడంబడిక చేసికొందురు. తీరా ఆ స్త్రీలను కలిసికొన్నప్పుడు పెద్ద పాదములు కూతురివనియు, చిన్నవి తల్లివనియు తేలును. ఆడినమాట తప్పరాదు గనుక తండ్రికి కూతురును, కొడుకునకు తల్లియు భార్యలైరి. ఆ రెండు జంటలకు పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురని బేతాళు డడిగెను. అంతవరకు ఏ ప్రశ్నకును బదులు చెప్పక మానని రాజు ఇచ్చట మౌనము వహించెను.

ఇదే సమస్య ఐరోపాలోను కలదు. షార్లమేన్ చక్రవర్తి కొలువున విద్యాధికారిగా నుండి 804లో మరణించిన ఆల్కుయిన్ పేర ప్రచారమందున్న లాటిను లెక్కల సంపుటమున, తండ్రీకొడుకులు ఒక విధవను ఆమె కూతురును తారుమారుగా పెండ్లాడిన లెక్క యున్నది. దానికి తోడుగా, ఇద్దరు పురుషులు ఒకరి సోదరి నొకరు పెండ్లాడినచో పిల్లల వరుస యేమని అడుగు లెక్కయు కలదు. ఈ రెండవ లెక్క ఆ దేశమున చిక్కుముడి కావచ్చును గాని, మన దేశమున దానికి కుండమార్పిడి యని పేరు, అందు పుట్టిన పిల్లలు బావామరదళ్ళని ఆరేండ్ల పిల్లయు చెప్పగలదు.

మన జానపదుల నోటను వరుసల పొడుపులు లేకపోలేదు. ఒక పడుచు ఒక పురుషుని వెంట నడచిపోవుచుండగా, మీకిద్దరికి ఏమి చుట్టరికమని దారినపోవువా రడుగుదురు. అతని అత్తగారును తన అత్తగారును తల్లీకూతుళ్ళని ఆమె బదులు చెప్పును. పడుచుకు అత్తగారైన స్త్రీ ఆ పురుషుని భార్య. ఆ భార్యను కన్నతల్లి అతనికి అత్తగారు. కనుక ఆ ఇద్దరు మామాకోడళ్ళు. భర్త పేరును, మామ పేరును నోట పలుకరాని కాలపు మర్యాదనుండి ఇట్టి పొడుపులు పుట్టియుండుననుట అసంభవము కాదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సుదేశమున ఆల్ఫ్రెడ్ బినే బాలుర బుద్ధిని కొలుచుటకు తయారుచేసిన పరీక్షలలో, తన ముగ్గురన్నదమ్ముల పేర్లు చెప్పుచు అందు తన్నుకూడ లెక్కించుకొన్న బాలుని మాటలోని అసంబద్ధతను పట్టుకొనుట ఒక అంశము. జీన్ పియాజే 1924లో ప్రకటించిన గ్రంథమున ఆ అంశమునే తీసికొని, సోదరుడనగా ఒక మనిషి కాదు, ఇద్దరి నడుమనున్న సంబంధమని గ్రహించుట పసివారికి ఆలస్యముగా వచ్చునని నిరూపించెను. పెద్దవారును పరీక్షలలో ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే యని తరువాత చూడగలము.

సాధన

ప్రశ్నను చదువుచునే వంశవృక్షము గీయుట అందరును అంగీకరించిన పద్ధతి. పురుషునికి కూడిక గుర్తు, స్త్రీకి తీసివేత గుర్తు, దంపతులకు జంటగీత, తోబుట్టువులకు ఒంటిగీత, తల్లిదండ్రులనుండి బిడ్డలకు నిలువుగీత వేయుదురు. మానవశాస్త్రజ్ఞులు ఇదే పనికి పురుషుని త్రిభుజముగను, స్త్రీని వృత్తముగను గీయుదురు. నీలగిరులలో తోడవారి నడుమ పనిచేసిన డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1910లో వంశవృత్తాంత సేకరణను ఒక శాస్త్రీయ పద్ధతిగా ప్రతిపాదించినది మొదలు ఆ పటములు ఆ శాస్త్రమునకు అక్షరమాల యైనవి. తరములను అంతస్తులుగా గీయుట ముఖ్యము. తాత అంతస్తు, తండ్రి అంతస్తు, తన అంతస్తు, బిడ్డల అంతస్తు వేరువేరుగా నిలిచినచో సగము చిక్కు విడిపోవును.

ఛాయాచిత్రమును చూపి ఒక స్త్రీ ఇట్లనెననుకొందము: ‘ఇతని తల్లికి ఏకైక కుమార్తె, నా కూతురికి అమ్మమ్మ.’ నా కూతురికి అమ్మమ్మ యనగా నా తల్లి. ఆమె ఇతని తల్లికి ఏకైక కుమార్తె యగుటచే ఇతడు నా తల్లికి తోడబుట్టినవాడు, కనుక మేనమామ. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. ఆంగ్ల వాక్యమున ఇట్టి గొలుసులు తుదనుండి మొదటికి పోవును; ‘నా’ అను మాట చివర నుండును; అందుచే వాక్యమును వెనుకనుండి చదువుమని ఆంగ్ల గ్రంథములు సూత్రము చెప్పినవి. తెలుగున షష్ఠీ సంబంధము తన్ను మొదట నిలిపి ముందుకు సాగును: ‘మా తాతగారి ఏకైక కుమారుని కుమార్తె’ అన్నప్పుడు మాటల వరుసయే మనుష్యుల వరుస. ఆంగ్ల సూత్రమును కంఠస్థము చేసి తెలుగు ప్రశ్నపత్రమున ప్రయోగించు విద్యార్థి, తిన్నగా పోవు బాటను విడిచి డొంకదారి పట్టినట్లగును.

ఆ ఉదాహరణమునే ఒక బాలిక పలికినదనుకొందము. తాతగారనగా తండ్రి తండ్రియే యనుకొన్నచో, ఆయన ఏకైక కుమారుడు తండ్రి. తండ్రి కుమార్తె యనగా చెల్లెలో అక్కయో కావచ్చును, లేదా ఆ బాలికయే కావచ్చును. తన్ను తాను మరచుట బినే పరీక్షలోని తప్పునకు తలక్రిందులైన తప్పు. అద్దములోని ప్రతిబింబమునుగూర్చియో, తన బాల్యపు చిత్రమునుగూర్చియో అడిగిన ప్రశ్నలన్నియు దీనిపై ఆధారపడినవే. ‘ఏకైక’ అను విశేషణము అలంకారము కాదు. దానిని తీసివేసినచో సమాధానము తండ్రినుండి పెదనాన్నకో చిన్నాన్నకో జారిపోవును.

సంకేత ప్రశ్నలు వేరొక తెగ. గుణకార చిహ్నము సోదరుని, తీసివేత చిహ్నము భార్యను, కూడిక చిహ్నము తండ్రిని సూచించుననుకొని, ప × ఫ − బ + భ యని వ్రాసినచో, ప అనువాడు ఫ కు సోదరుడు, ఫ అనునామె బ కు భార్య, బ అనువాడు భ కు తండ్రి. కనుక ప, భ కు మేనమామ యని సమాధానము. గీతలు గీయుట తెలిసినవానికి ఇందు కష్టము లేదు. అయితే ఈ సమాధానము నిలుచుటకు ప్రశ్నలో చెప్పని ఒక ఊహ కావలెను: తండ్రి భార్య తల్లియే యగునని. ఇట్టి ఊహలు మరికొన్ని కలవు: ప్రతివానికి ఒక్కటే వివాహమనియు, భార్యాభర్తలు ముందే చుట్టములు కారనియు, దత్తత లేదనియు. పేరునుబట్టి స్త్రీయో పురుషుడో నిర్ణయింపరాదనునది మాత్రము ఊహ గాక నియమము. కిరణ్, రత్నం, చిట్టి వంటి పేర్లు మన ఊళ్ళలో ఇరువురికి నుండును గదా. లింగము తెలుపనిచో ‘చెప్పుటకు వీలులేదు’ అనునదే సరియైన సమాధానము కావచ్చును.

తండ్రి భార్య తల్లియే యగుననుకొనుట ఎంత బరువైన ఊహయో పల్నాటివారికి వేరుగా బోధింపనక్కరలేదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమున గురజాల నేలిన నలగామరాజును, మాచర్లకు తరలిన మలిదేవరాజును ఒక్క తండ్రి బిడ్డలే గాని ఒక్క తల్లి బిడ్డలు కారు. కార్యమపూడి రణరంగమున తెగిన తలలకు మూలము ఆ భేదమే. పరీక్షాధికారి ఆ కుటుంబమును పటముగా గీసి, తండ్రి భార్య యగుటచే ఈమె ఇతనికి తల్లి యనినచో, ఆ కథయే లేకుండ పోవును. పరీక్షలలో వాడుకపడిన ‘సోదరుడు’ అను తత్సమము సమానమైన ఉదరమున జనించినవాడని అర్థమిచ్చును. ఆ శబ్దార్థముచే నలగామ మలిదేవులు సోదరులు కారు, భిన్నోదరులు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పూర్ణరక్త బంధువులను, ఒకే తండ్రికి వేరు భార్యలయందు పుట్టిన అర్ధరక్త బంధువులను, ఒకే తల్లికి వేరు భర్తలవలన పుట్టినవారిని విడివిడిగా నిర్వచించినది. పరీక్షకు ఈ సూక్ష్మము పట్టదు. పట్టదని విద్యార్థి ఎరిగియుండుట మేలు. అదే కథలో నలగామునికి అల్లుడైన అలరాజు, మలిదేవుని పక్షమున రాయబారిగా పోయి విషప్రయోగమున మరణించెను. భార్యకు పినతండ్రి యైనవాని తరఫున భార్య తండ్రివద్దకు, అనగా చినమామ పనిమీద మామ యింటికి పోయిన అల్లుడాతడు. ఈ వరుసను గ్రహించినగాని ఆ రాయబారములోని వేదన పూర్తిగా బోధపడదు.

తెలుగు వరుసల వ్యాకరణము

తండ్రి అన్నదమ్ములు తండ్రులే: పెదనాన్న, చిన్నాన్న. తల్లి అక్కచెల్లెళ్ళు తల్లులే: పెద్దమ్మ, పిన్ని. వారి బిడ్డలు అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు. తండ్రికి తోబుట్టిన స్త్రీ మాత్రము తల్లి కాదు, అత్త. తల్లికి తోబుట్టిన పురుషుడు తండ్రి కాదు, మామ. వారి బిడ్డలు బావలు, బావమరదులు, వదినలు, మరదళ్ళు. ఒకే లింగమునకు చెందిన తోబుట్టువులనుండి పోయిన శాఖ తనవైపు, భిన్నలింగమునకు చెందిన తోబుట్టువులనుండి పోయిన శాఖ ఎదుటివైపు. సూత్రమింతే. దీని బలము దూరపు చుట్టరికములలో తెలియును. తల్లియొక్క తల్లికి చెల్లెలి కొడుకు ఏమగును? అమ్మమ్మ చెల్లెలు అమ్మకు పిన్ని. పిన్ని కొడుకు అమ్మకు తమ్ముడో అన్నయో. కనుక నాకు మామ. తండ్రియొక్క మేనత్త కొడుకు తండ్రికి బావ. తండ్రికి బావ యైనవాడు నాకు మామ. ఆంగ్లమున ఈ ఇరువురిని చెప్పుటకు నాలుగేసి మాటల సమాసము కావలెను. తెలుగున నోరార పిలుచుటకు ఒక్క మాట చాలును.

అమెరికా దేశపు న్యాయవాదియు మానవశాస్త్రజ్ఞుడునగు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బృహద్గ్రంథమున తెలుగు, తమిళ, కన్నడ వరుసల పట్టికలను చేర్చి, తన దేశమునందలి ఇరోక్వాయి జనుల వరుసలతో వానికిగల పోలికను చూచి విస్మితుడయ్యెను. ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమాన్ 1953లో ఈ వరుసలు రక్తమును కాక వివాహమునే పునాదిగా గొన్నవని వాదించెను. థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వమును గూర్చి ప్రత్యేక గ్రంథమే వ్రాసెను. మన ముసలమ్మల నోటి లెక్క ప్రపంచ విద్వాంసులకు ఒక శతాబ్దముపైగా అధ్యయన విషయమైనదని మన విద్యార్థులకు ఎవరును చెప్పకపోవుట శోచనీయము.

ఒకే నేలలో పేర్లు మారవచ్చును. కోస్తా జిల్లాలలో బాబాయి యనబడినవాడు తెలంగాణమున చిన్నాయన, కాక. రాయలసీమలో అవ్వ, అబ్బ, జేజి యను పిలుపులు వినబడును. పేర్లు మారినను సూత్రము మారదు. తెలుగు ప్రతిచోటను ఆంగ్లముకంటె సూక్ష్మమని అనుకొనుటయు పొరపాటే. తండ్రి తండ్రిని, తల్లి తండ్రిని కూడ మనము తాత యనియే పిలుతుము. కొడుకు కొడుకును, కూతురు కొడుకును మనుమడనియే అందుము. పౌత్ర దౌహిత్ర భేదమునకు సంస్కృతమును ఆశ్రయింపవలసినదే.

మామ యను మాటలో ముగ్గురు వ్యక్తులు ఒదిగియున్నారు: తల్లి సోదరుడు, తండ్రి సోదరి భర్త, భార్య తండ్రి. మేనరికము ఆచారమైన సమాజమున ఈ మువ్వురు ఒకరే కావచ్చుననుటచే మాట ఒకటియే చాలినది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దాక్షిణాత్యుల ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే పేర్కొన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము నిషిద్ధ సంబంధములను వివరించుచు, ఆచారము అనుమతించినచోట మినహాయింపు నిచ్చినది. మాయాబజారు చిత్రమును చూచినవారికి ఈ వరుసలు కన్నులకు కట్టును. బలరాముడు సుభద్రకు అన్న; కనుక అభిమన్యునికి మేనమామ, శశిరేఖను చేసికొన్నచో పిల్లనిచ్చిన మామ. భీముడు అర్జునునికి అన్న యగుటచే ఘటోత్కచుడు అభిమన్యునికి పెదనాన్న కొడుకు, అన్న, శశిరేఖకు బావగారు. ఆ చిత్రము 1957లో విడుదలై ఇప్పటికిని పిల్లలను అలరించుచున్నది గనుక, వరుసల పాఠమును దానితో ఆరంభించుట ఉచితమని నా అభిప్రాయము.

అక్క కూతురిని చేసికొన్నవానికి తన అక్కయే అత్త. ‘ఇతని అక్క ఇతనికి అత్త, ఎట్లు?’ అని అడిగినచో పల్నాటి బాలుడు రెప్పపాటున బదులు చెప్పును. ఆంగ్ల గ్రంథములతో మాత్రమే పెరిగినవాడు ప్రశ్న తప్పనును. లూయిస్ కారల్ 1885లో గ్రంథముగా వెలువరించిన ఒక కథావళిలో, ఒక పాలకుడు విందుకు తన తండ్రి బావమరదిని, తన సోదరుని మామగారిని, తన మామగారి సోదరుని, తన బావగారి తండ్రిని పిలిచెను, అతిథు లెందరని అడిగెను. కనీసము ఒక్కరని సమాధానము. ఆంగ్లేయ పాఠకులు దీనికై తలలు బద్దలు కొట్టుకొనియుందురు. మన యింట చూడుడు: నా తల్లికి ఇద్దరన్నదమ్ములు, వారిలో ఒకని కూతురిని నేను చేసికొన్నాను, రెండవవాని కూతురిని నా తమ్ముడు చేసికొన్నాడు, ఆ రెండవవాని కొడుకునకు నా చెల్లెలి నిచ్చినాము. ఆ రెండవ మేనమామ యొక్కడే మా నాన్నకు బావమరది, తమ్మునికి మామగారు, మా మామగారికి సోదరుడు, చెల్లెలి భర్తకు తండ్రి. ఆకు వక్క తెచ్చిపెట్టినంత సహజముగ జరిగిపోయిన సంబంధములివి. ఇట్టి వంశవృక్షము చెట్టువలె కొమ్మలు చాపుకొని పోక, మర్రి ఊడలవలె తిరిగి నేలకు దిగి మొదటి మానునే చేరుకొనును. పరీక్షయందు మాత్రము వృక్షము చెట్టువలెనే యుండవలెను. అచ్చట మేనరికమును మనస్సున తలపకుండుట నేర్చుకొనవలెను.

అనువాదమున కలుగు చిక్కులు

రైల్వే పరీక్షలను తెలుగున వ్రాయవచ్చును. ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల పరీక్షలకు 2019లోను, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరుపు మల్టీ టాస్కింగ్ సిబ్బంది పరీక్షకు 2023 నుండియు తెలుగుకూడ మాధ్యమమైనది. సంతోషింపదగిన ఈ మార్పుతో ఒక బాధ్యతయు వచ్చినది. ఆంగ్లమున అంకుల్ అను ఒక్క మాటను తెలుగు చేయువాడు బాబాయి యనవలెనా, మామ యనవలెనా? పైన చెప్పిన ఛాయాచిత్రపు ప్రశ్నకు బాబాయి యను సమాధానమును ముద్రించినచో, తెలుగున ఆలోచించిన విద్యార్థి మేనమామకై వెదకి, కానక, నష్టపోవును. కజిన్ అను మాట మరియు ప్రమాదకరమైనది. అందులో అన్న యున్నాడు, బావ యున్నాడు. ఒకరు పెండ్లాడరానివారు, ఒకరు పెండ్లాడదగినవారు. దానిని దాయాది యని తెలిగించుట అసలే చెల్లదు. దాయాది యనగా ఆస్తిలో పాలుగల జ్ఞాతి. నెఫ్యూ అను మాటకు సమానపదము చెప్పువాని లింగమునుబట్టి మారును: అన్న కొడుకు పురుషునికి కొడుకు వరుస, స్త్రీకి మేనల్లుడు, అక్క కొడుకు పురుషునికి మేనల్లుడు, స్త్రీకి కొడుకు వరుస.

బ్రదర్ అనుదానిని అన్న యనినను తమ్ముడనినను, మూలమున లేని వయోభేదము చేరును. అందుచే సోదరుడను తత్సమము తప్పనిసరి. లింగము తెలుపక దాచవలసినచోట తెలుగు క్రియయే గుట్టు బయటపెట్టును. ‘పనిచేయుచున్నాడు’ అనగానే పురుషుడని తెలిసిపోవును. సంతానము, తోబుట్టువు అను మాటలు లింగమును చెప్పవు గనుక వానిని ఆశ్రయించి, వాక్యమును నామవాచకముతో ముగించుట నేర్పుగల అనువాదకుని పని. అన్నిటికంటె మేలైనది, తెలుగు ప్రశ్నలను తెలుగుననే పుట్టించుట: తోడికోడలు, తోడల్లుడు, వియ్యపురాలు, ఆడపడుచు అను మాటలతో కూర్చిన ప్రశ్న ఆంగ్లమునుండి దిగుమతియైనదానికంటె తర్కమును ఎక్కువ నిశితముగా పరీక్షింపగలదు.

ఈ లెక్క గణితజ్ఞులను, యంత్రములను కూడ ఆకర్షించినది. 1949లో లెవీ స్ట్రాస్ బంధుత్వమునుగూర్చి వ్రాసిన ఫ్రెంచి గ్రంథమునకు గణితజ్ఞుడు ఆంద్రే వెయిల్ అనుబంధము వ్రాసి, వివాహ నియమములను సమూహ బీజగణితముతో వివరించెను. 1972లో మార్సెయి నగరమున రూపొందిన ప్రోలాగ్ అను కంప్యూటరు భాషను నేర్చువారికి మొదటి పాఠము తరచుగా తాత మనుమల సంబంధమే. 1986లో జెఫ్రీ హింటన్ 24 మంది వ్యక్తులు, 12 సంబంధములు గల రెండు కుటుంబములను, ఒకటి ఆంగ్లేయులది, ఒకటి ఇటాలియనులది, ఒక చిన్న నాడీజాలమునకు నేర్పి, అది చెప్పని చుట్టరికములను ఊహింపగలదని చూపెను. అతని అంకుల్‌లో మన మామయు బాబాయియు విడివడలేదు.

బేతాళుని ప్రశ్న మిగిలియున్నది. దానిని తెలుగు వరుసతో చూచిన రాజు మౌనము వహింపనక్కరలేదు. చండసింహునికి రాజకుమార్తెయందు పుట్టిన మగబిడ్డ, సింహపరాక్రమునికి ఒకే తండ్రివలన కలిగిన తమ్ముడు. సింహపరాక్రమునికి రాణియందు పుట్టిన మగబిడ్డ, రాజకుమార్తెకు ఒకే తల్లివలన కలిగిన తమ్ముడు. తండ్రి తమ్ముడు చిన్నాన్న; తల్లి తమ్ముడు మేనమామ. ఆ ఇద్దరు పిల్లలును ఒక వాకిట ఆడుకొనుచు, ఒకడు రెండవవానిని ‘మామా’ యనియు, రెండవవాడు మొదటివానిని ‘బాబాయీ’ యనియు పిలుతురు.